చేపల మోటరు

"సారూ, మీ ఇంట్ల మోటరున్నదా?"

మొగిలమ్మ గడప దాటకుండానే అడిగింది. చంకలో బిందె. బిందె అడుగున నాలుగు చెంబుల నీళ్ళు కూడా లేవు.

కరీముద్దీన్ హాల్లో గాజు తొట్టి అద్దం తుడుస్తున్నాడు. తొట్టిలో బంగారు చేపలు. పక్కన గోడగూట్లో అరచేతంత నల్లని డబ్బా గుర్ర్... మని మోగుతోంది. అందులోంచి సన్నని గొట్టం తొట్టి అడుక్కి పోయి, ఇసక కింది ఫిల్టరులోకి గాలి ఊదుతుంది. గాలి బుడగలు పైకి వచ్చేటప్పుడు మురికిని ఇసకలోకి లాగుతాయి. నీళ్ళు తేటగా ఉంటాయి. హైదరాబాద్ దుకాణంలో దాన్ని 'మోటర్' అనే అమ్మారు. ఆయనా అదే పేరుతో తెచ్చుకున్నాడు.

"ఉన్నదక్కా," అన్నాడు.

మొగిలమ్మ బిత్తరపోయింది. బుకాయిస్తాడనుకుని, దానికి తగ్గ తిట్లు సిద్ధం చేసుకుని వచ్చింది.

"ఉన్నదా?"

"చిన్నదే. హైదరాబాద్‌ల కొన్న."

"ఎప్పుడెప్పుడు నడుపుతవు?"

"ఎప్పుడేంది? రాత్రీ పగలు నడుస్తనే ఉంటది. బంద్ పెడితే సస్తయి కద."

"ఎవలు సస్తరు?"

కరీముద్దీన్ ఆ ప్రశ్న పట్టించుకోలేదు. పక్కింటావిడ ఎందుకొచ్చిందో అర్థమైపోయిందనుకున్నాడు. రెండిళ్ళకూ మధ్య ఉన్నది ఒకే గోడ. ఆ గోడగూట్లోనే డబ్బా పెట్టాడు. "చప్పుడు గురించే గదా వచ్చినవ్? నాకు తెల్సక్కా, గోడ ఆవలికి వినపడ్తది. ఫికర్ చేయకు. రెండు దినాలల్ల చప్పుడే రాకుంట చేస్త."

దొంగతనం ఒప్పుకున్నవాడు, ఇకమీద చప్పుడు కాకుండా చేస్తానని మర్యాదగా మాటివ్వడం మొగిలమ్మ ఇంతవరకు ఎక్కడా వినలేదు. బిందె చంకకు ఎగదోసుకుని వెనుదిరిగింది.

ఎనభై మూడు ఎండాకాలం అది. వరంగల్ శివనగర్‌లో ఆ వీధికి నల్లా నీళ్ళు దినం తప్పి దినం సాయంత్రం నాలుగింటికి వచ్చేవి. రావడం అంటే కారడం. కొందరు నల్లాకే నేరుగా మోటరు తగిలించి లైన్లో నీళ్ళు గుంజుకుంటున్నారని పుకారు. దొరికితే నీళ్ళ ఆఫీసు ఫిట్టరు వచ్చి కనెక్షన్ కట్ చేస్తాడు. మళ్ళీ ఎప్పుడిస్తారో ఆఫీసు వాళ్ళకే తెలియదు. అందుకని ఆ ఎండాకాలం ఆ వీధిలో 'మోటరు' అన్న మాటకు ఒకటే అర్థం. ఆ సంగతి తెలియనివాడు కరీముద్దీన్ ఒక్కడే. డ్రాయింగ్ మాస్టరు. సెలవులొచ్చాక ఆయన లోకం తొట్టే.

మర్నాడు కిరాణా దుకాణం సారయ్య చెప్పాడు.

"ఏం సారు, దర్జాగ ఒప్పుకున్నవట గద. హిమ్మత్ ఉండాలె."

"ఏం ఒప్పుకున్న?"

"నల్లాకు మోటర్ పెట్టిన అని. చప్పుడు కూడ రానియ్యనని మొగిలమ్మకు చెప్పినవట. అవునా?"

కరీముద్దీన్ చేతిలోని చక్కెర పొట్లం అక్కడే పెట్టేసి పరుగెత్తాడు. మొగిలమ్మ అరుగు మీద బియ్యం చెరుగుతోంది. పక్కన యాకమ్మ కూర్చుని ఉంది. మొగిలమ్మ ఏం చెప్పినా మొదట వినేది, వీధంతా చెప్పేదీ యాకమ్మే.

"అక్కా, అది నీళ్ళ మోటర్ కాదు. అల్లా మీద ఒట్టు. అది గాలి మోటర్!"

ఆ మాట నోటి నుంచి వచ్చాక గానీ ఆయనకు వెలగలేదు. యాకమ్మ అప్పటికే పడీ పడీ నవ్వుతోంది.

"గాలిమోటరా? గా చిన్న ఇంట్ల గాలిమోటర్ పట్టిందా సారూ? ఏడికి పోతాన్నవ్, హజ్‌కా?"

గాలిమోటరంటే ఆ వీధి వాళ్ళకు ఆకాశంలో పోయే విమానం. సాయంత్రానికల్లా ఆయన ఇంటికి మామునూరు ఎయిర్‌పోర్టని పేరు స్థిరపడింది.

మొగిలమ్మ మాత్రం నవ్వలేదు. "సారూ, నువ్వు మంచోనివి. నా బిడ్డ బొమ్మలేస్తదంటె నీ దగ్గర నేర్చుకున్నదే. అందుకే నేను ఆఫీసుకు పోలే. నిజం చెప్పు. మీ ఇంట్ల నీళ్ళు గుంజే మోటర్ ఉన్నదా, లేదా?"

"లేదు. ఉంటె నేనే పోయి నా కనెక్షన్ కట్ చేపిచ్చుకుంట. ఇది నా మాట."

"సరె. మాటిచ్చినవ్. నీ చేపల చప్పుడు పోనియ్. చప్పుడు పోయినంక నా నల్లా మంచిగొస్తె నువ్వు చెప్పింది నిజం. చప్పుడు గట్లనే ఉండి, నల్లా గిట్లనే కారితె మాత్రం ఊకోను. ఫిట్టర్‌ను తోల్కొని వస్త."

చప్పుడుకూ నల్లాకూ సంబంధమేమిటో కరీముద్దీన్‌కు అర్థం కాలేదు. ఒకటి మాత్రం అర్థమైంది. ఆ డబ్బా నోరు మూయించకపోతే తన మాటా పోతుంది, నడి ఎండాకాలంలో నల్లా పోతుంది.

ఇంటికొచ్చి భార్య అనీస్ బేగంతో అంతా చెప్పాడు. ఆమె రొట్టెలు కాలుస్తూ వింది. చివర్న రొట్టె తిరగేసి అంది: "దాని జోలికి పోకు జీ. చప్పుడు ఉండనియ్. నాకు అలవాటైంది."

"పోయిన నెలల తల నొస్తాంది, అవతల పారెయ్యి అన్నవు కద?"

"అప్పుడు నొచ్చింది. గిప్పుడు నొస్తలేదు."

కరీముద్దీన్ తికమకపడ్డాడు. వీధి వీధంతా చప్పుడు వద్దంటుంటే, ఆ చప్పుడు పక్కనే రోజంతా ఉండే మనిషి కావాలంటోంది.

మర్నాడు పొద్దున్నే పని మొదలుపెట్టాడు. మొదట డబ్బా కింద తువ్వాలు మడిచి పెట్టాడు. చప్పుడు కాస్త తగ్గింది. ఆయన చాయ్ తాగి వచ్చేసరికి డబ్బా వణుక్కుంటూ వణుక్కుంటూ తువ్వాలు దాటి, గూడు అంచు దాటి, గొట్టం పట్టుకుని వేలాడుతోంది.

తర్వాత చెక్కపెట్టెలో పెట్టి మూత వేశాడు. అది ఇంకా ఘోరం. పెట్టె పీర్ల పండుగ డప్పులా మోగింది. గోడ అవతల నుంచి మొగిలమ్మ గోడ మీద కొట్టింది. "సారూ, తగ్గిచ్చుడంటె గిదేనా?"

అప్పుడాయన కుర్చీ వేసుకుని కూర్చుని విన్నాడు. ఒక చప్పుడు కాదు, రెండున్నాయి. డబ్బా గుర్రుమంటోంది. నీళ్ళు గుటగుటమంటున్నాయి. బుడగలు పైకొచ్చే గొట్టం మూతి నీటి మీదకు తేలి ఉంది. అందుకే ఆ గుటగుట. తొట్టి నింపి మూతి మునిగేలా చేస్తే అది ఆగిపోతుంది.

"అనీస్, రెండు బిందెల నీళ్ళు కావాలె."

వంటింట్లో అనీస్ బేగం బిందె ఠంగున కింద పెట్టిన చప్పుడైంది. నీళ్ళు తెచ్చి పోసింది. గుటగుట ఆగింది.

ఇక మిగిలింది గుర్రు. డబ్బా దేన్ని తాకితే దాన్ని మోగిస్తోంది. గూట్లో పెడితే గోడను, బల్ల మీద పెడితే బల్లను, పెట్టెలో పెడితే పెట్టెను. దేన్నీ తాకకుండా ఉంటే? పాత సైకిలు ట్యూబు కోసి పట్టీలు చేశాడు. ఆ పట్టీలతో డబ్బాను బట్టల అలమారలో కర్రకు వేలాడదీశాడు. చుట్టూ స్పాంజి కట్టాడు, వేడెక్కకుండా బొక్కలు పెట్టాడు. గొట్టాన్ని అలమార తలుపు సందులోంచి తొట్టిలోకి లాగాడు. ముందు అనీస్ బేగం చీరలు వేలాడదీశాడు, మిగిలిన కాస్త చప్పుడు అవి మింగేస్తాయని.

ప్లగ్గు పెట్టాడు.

చప్పుడు లేదు. తొట్టిలో బుడగలు మాత్రం ముత్యాల్లా లేస్తున్నాయి. చెవి అలమారకు ఆనించి వింటే ఎక్కడో తేనెటీగ తిరిగినట్టుంది, అంతే. కరీముద్దీన్ తన భుజం తనే తట్టుకున్నాడు.

సాయంత్రం నాలుగైంది. నల్లా వచ్చే వేళ. వంటింట్లో రేడియో మొదలైంది. ఎందుకో రోజూ కంటే గట్టిగా.

ఆ పాటల వెనక ఆయనకు ఇంకేదో వినిపించింది. గుర్ర్...

లేచి అలమార తెరిచాడు. డబ్బా మీద చెయ్యి పెట్టాడు. అది మెత్తగా వణుకుతోంది, చప్పుడు లేదు. మరి గుర్రు ఎక్కడిది? గోడకు చెవి పెట్టాడు. గోడలో ఉంది. తలుపుకు పెట్టాడు. తలుపులోనూ ఉంది.

"అనీస్! నీకు ఏమన్న వినపడ్తాందా?"

పెరట్లోంచి జవాబు వచ్చింది. "రేడియో వినపడ్తాంది!"

గోడ అవతల నుంచి మొగిలమ్మ: "సారూ! గింతసేపు చప్పుడు లేకుండె. సరిగ్గ నల్లా వచ్చేటాలకు షురూ జేసినవా? ఓర్నాయనో, ఇదేం తెలివి!"

"నేనేం చేయలేదక్కా! అది ఉయ్యాలల ఉన్నది, చప్పుడు చేస్తలేదు!"

"మోటర్‌కు ఉయ్యాలేందయ్యా?"

మర్నాడు ఆమె ఫిట్టర్ వీరభద్రాన్ని తీసుకొచ్చింది. వీరభద్రం చేతిలో పెద్ద స్పానరు, చెవి మీద బీడీ. నేరుగా హాల్లోకి వచ్చాడు.

"మోటర్ ఏది?"

"అలమారల ఉన్నది," అన్నాడు కరీముద్దీన్ నిజాయితీగా.

వీరభద్రం మొగిలమ్మ వంక చూశాడు. మొగిలమ్మ 'నేను చెప్పలే?' అన్నట్టు గడ్డం మీద వేలు పెట్టుకుంది. అలమార తెరిచారు. చీరలు పక్కకు నెట్టారు. చీరల వెనక స్పాంజి చుట్టుకుని, రబ్బరు పట్టీల మీద వేలాడుతూ కనిపించింది నల్లని డబ్బా.

"వామ్మో," అన్నాడు వీరభద్రం. "నా సర్వీసుల గిట్ల దాచినోన్ని సూడలే. పాయఖాన్ల దాచిండ్రు, గడ్డివాములల్ల దాచిండ్రు. చీరల ఎనుక ఊపుకుంట దాచుడు ఇదే మొదలు."

"దాయలేదన్నా. చప్పుడు రాకుండ పెట్టిన."

"అందరు గందుకే దాస్తరు సారూ."

విప్పి, కింద నేల మీద పెట్టి, ప్లగ్గు పీకాడు. అందరూ చుట్టూ మూగారు. అప్పుడే జరగకూడనిది జరిగింది. డబ్బా వైపు గొట్టం కొస నుంచి నీళ్ళు కారడం మొదలైంది. డబ్బా తడిసి, నేల తడిసి, వీరభద్రం కాలి దాకా పారింది.

"నీళ్ళు!" అని అరిచింది మొగిలమ్మ. "గుంజదంటివి గద!"

"అది గుంజుడు కాదక్కా! తొట్టి పైనున్నది, డబ్బా కిందున్నది. గాలి బంద్ అయితే నీళ్ళు వెనక్కి దిగుతయి. అందుకే నేను ఎత్తుల కట్టిన. మళ్ళ నడిపిచ్చి చూడుండ్రి, గాలే వస్తది!"

డబ్బా తుడిచి ప్లగ్గు పెట్టారు. గొట్టం మూతి బకెట్లో పెట్టారు. బుడబుడమని గాలి వచ్చింది. ప్లగ్గు తీసి గొట్టం మళ్ళీ తొట్టిలో ముంచారు. నీళ్ళొచ్చాయి. మళ్ళీ పెట్టారు. గాలి. వీరభద్రం చెవి మీది బీడీ తీసి నోట్లో పెట్టుకుని వెలిగించడం మర్చిపోయాడు.

"నడిపితే గాలొస్తది. బంద్ పెడితే నీళ్ళొస్తయి. ఇదేం ఉల్టా మోటరయ్యా?" చివరికి తీర్పు చెప్పాడు. "చూడు మొగిలమ్మా, ఇది మోటరే. గని మోటర్ కాదు."

"అంటె?"

"అంటె గంతే. నల్లాకు దీనికి సంబంధం లేదు."

అనీస్ బేగం అందరికీ చాయ్ తెచ్చింది. వీరభద్రానికి రెండు కప్పులిచ్చింది. ఆయన ఆ తడి నేల మీద నుంచి జాగ్రత్తగా అడుగులేస్తూ వెళ్ళిపోయాడు. పట్టుకోవాల్సింది పట్టుకున్నాం, అది అది కాదని తేలింది, ఇంకేం చూస్తాం అనుకున్నాడు కాబోలు, పెరట్లోకి తొంగి కూడా చూడలేదు.

మొగిలమ్మ గడప దగ్గర ఆగింది. "ఫిట్టర్ కాదన్నడు, నేను ఒప్పుకున్న. గని సారూ, నల్లా వచ్చినప్పుడే చప్పుడెందుకొస్తాంది?"

అదే ప్రశ్న కరీముద్దీన్‌నూ తొలుస్తోంది.

మళ్ళీ నల్లా వచ్చే దినం ఆయన ఒక నిర్ణయానికొచ్చాడు. చప్పుడును తగ్గించడం కాదు, ఉన్న చప్పుళ్ళన్నీ ఒక్కొక్కటే తీసేసి చూడాలి. నాలుగవుతుండగా డబ్బా ప్లగ్గు పీకాడు. ఫ్యాను ఆపాడు. వంటింట్లోకి వెళ్ళి మోగుతున్న రేడియో చెవి మెలిపెట్టాడు.

ఇల్లంతా సద్దుమణిగింది.

గుర్ర్...

ఇప్పుడది దాక్కోవడానికి చోటు లేదు. హాల్లో సన్నగా, వంటింట్లో కాస్త గట్టిగా వినిపించింది. పెరటి తలుపు తీశాడు. స్పష్టంగా వినిపించింది.

పెరట్లో నల్లా గుంత ఉంది. నీళ్ళు పైకెక్కవని ఆ వీధిలో అందరూ నేల తవ్వి, నడుం లోతు గుంతలో నల్లా బిగించుకున్నారు. పైన చెక్కమూత ఉంటుంది. ఆ మూత మీద అనీస్ బేగం కూర్చుని ఉంది, పని లేనట్టు, చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఏదో కూనిరాగం తీస్తోంది. ఆమె కూర్చున్న చెక్క సన్నగా వణుకుతోంది. ఆమె గాజులూ వణుకుతున్నాయి.

"లే అనీస్."

"ఎందుకు?"

"లే."

ఆమె లేచింది. ఆయన మూత ఎత్తాడు. నల్లాకు రబ్బరు గొట్టం, గొట్టం కొసన ఇనుప మోటరు, ఇంకో కొసన నిండుతున్న డ్రమ్ము. నీళ్ళు చెయ్యి లావు ధారగా పడుతున్నాయి.

"ఎవరు పెట్టిన్రు?"

"ఖాజా పాషా." ఆమె తమ్ముడు. మండిబజార్లో మోటర్లు బాగుచేసే దుకాణం వాడిది.

"ఎప్పట్నుంచి?"

"నీ చేపలకు నీళ్ళు సాలనప్పట్నుంచి." ఆమె గొంతు పెంచలేదు. "వారం వారం సగం నీళ్ళు మార్చాలె అంటవు. అడుగున ఇసక కడగాలె అంటవు. నింపు, మూతి మునగాలె అంటవు. వచ్చేది రెండు బిందెలు. వంటకు పొయ్యాలెనా, నీ చేపలకు పొయ్యాలెనా? నువ్వొక్కనాడన్న ఈ మూత తీసి చూసినవా?"

చూడలేదు. ఆ వీధిలో ఏ మగవాడూ చూడలేదు. నీళ్ళు తొట్టిలోకి ఎలా వస్తున్నాయో ఆయనకు ఇంతవరకు తోచనే లేదు.

"నేను మొగిలమ్మక్కకు మాటిచ్చిన."

"ఇచ్చేముందు నన్నడిగినవా?"

కరీముద్దీన్ వంగి ప్లగ్గు పీకాడు. మోటరు ఒక్కసారి దగ్గి ఆగింది. ధార దారమైంది. అదే క్షణంలో గోడ అవతల ఇత్తడి బిందె మీద నీళ్ళు దబదబా పడిన చప్పుడు.

"సారూ! ఓ సారూ!" మొగిలమ్మ కేక. రాయి జరిపిన చప్పుడు. ఆమె తల గోడ మీదకు లేచింది. ఆ కాస్త సమయంలో అనీస్ బేగం మూత వేసి, మళ్ళీ దాని మీద కూర్చుంది.

"ఏం బంద్ జేసినవ్? నల్లా పొంగుతాంది!"

"మోటర్ బంద్ జేసినక్కా," అన్నాడు.

"నేను మొదట్నుంచి అంటలేనా! ఆ ఫిట్టర్ కాదన్నడు గని, నీ చేపల మోటరే గుంజుతాంది!"

"చేపలది కాదక్కా. ఇంకో మోటర్ ఉన్నది. నీళ్ళది. నాకు గిప్పుడే తెల్సింది. నేను మాట తప్పిన."

మొగిలమ్మ ఆయన్ని జాలిగా చూసింది. "ఇంకో మోటరా? నీళ్ళ మోటర్ లేదంటివి, గాలిమోటర్ ఉన్నదంటివి. ఫిట్టరేమో మోటరే గని మోటర్ కాదనె. గిప్పుడు మళ్ళ నీళ్ళ మోటర్ ఉన్నదంటవు. జర ఎండల తిరుగకు సారూ."

"నిజంగనే ఉన్నదక్కా. మోటర్..."

"మూడు దినాలకెల్లి నిద్రల కూడ గదే అక్కా," అంది అనీస్ బేగం, కూర్చున్న చోటి నుంచి కదలకుండా. "మోటర్ మోటర్ అని కలవరిస్తాండు."

కరీముద్దీన్ భార్య వైపు తిరిగాడు. ఆమె ఆయన వైపే చూస్తోంది. నవ్వడం లేదు, బతిమాలడం లేదు. నిజం చూపించాలంటే పక్కింటావిడ ముందు ఆమెను చెయ్యి పట్టి లేపాలి. మూత ఎత్తాలి. తర్వాత వీరభద్రం వస్తాడు. తర్వాత ఆమే బిందె ఎత్తుకుని వీధి చివరి బోరింగు దాకా నడుస్తుంది. ఆయన చెయ్యి కొంచెం ముందుకు పోయి, ఆగిపోయింది.

"పోనియ్ సారూ, బాధపడకు," అంది మొగిలమ్మ. బిందె నిండుతున్న చప్పుడు ఆమెను మెత్తబరిచింది. "పాపం, అవి కూడ బతకాలె. నల్లా వచ్చినంత సేపు బంద్ పెట్టు. తర్వాత నడుపుకో, నేనేమనను. గని ఒక్క మాట. ఆ అలమారల ఉయ్యాల గియ్యాల వద్దు. చప్పుడు నాకు వినపడాలె. వినపడకుంటె నువ్వు బంద్ జేసినవో జేయలేదో నాకెట్ల తెల్వాలె?"

ఆమె తల గోడ దిగిపోయింది.

కరీముద్దీన్ గొంతు తగ్గించాడు. "ఇయ్యాల మాపటికి ఆ మోటర్ ఖాజా పాషా దుకాణానికి పోవాలె. నేనే తీస్కపోత."

"నీ చేపలకు నీళ్ళు?"

"బోరింగ్ నుంచి నేను తెస్త."

"బిందె చంకన పెట్టుకోనొస్తదా నీకు?"

"నేర్చుకుంట."

అనీస్ బేగం మూత మీద నుంచి లేచింది. ఏమనుకుందో ఆమె ముఖం చూసి చెప్పడం కష్టం. డ్రమ్ములోంచి ఒక బిందె ముంచి, గోడ దగ్గరకు తీసుకెళ్ళి, "అక్కా, ఇది కూడ నీ గోలెంల పోస్కో. మాకు ఎక్కువైనయి," అని అందించింది.

"ఎన్నడు చూసినా సాలవంటివి, గిప్పుడు ఎక్కువైనయా?" అవతల నుంచి అయోమయంగా మొగిలమ్మ గొంతు.

నల్లా ఆగిపోయాక కరీముద్దీన్ అలమార తెరిచాడు. స్పాంజి విప్పాడు. రబ్బరు పట్టీలు తెంపాడు. డబ్బా తెచ్చి పాత గోడగూట్లో గోడ రాయికి ఆనించి పెట్టి ప్లగ్గు పెట్టాడు. గుర్రుమంది.

"అక్కా! వినపడ్తాందా?"

"సన్నగ వస్తాంది సారూ! జర పెంచు!"

చెక్కపెట్టె తెచ్చి అందులో పెట్టాడు.

"గిప్పుడు?"

"ఇంకా జర!"

పెట్టెను గోడకు బిగించి అదిమాడు. గోడ మోగింది. గూట్లోని అద్దం, దువ్వెన, గాజులు అన్నీ మోగాయి. తొట్టిలో చేపలు ఒక్కసారిగా చెదిరి, మళ్ళీ ఒకచోట చేరాయి. వంటింట్లో అనీస్ బేగం చెవుల మీదకు కొంగు లాక్కుంది.

"ఆ!" అంది మొగిలమ్మ గోడ అవతల నుంచి తృప్తిగా. "గిప్పుడు మంచిగున్నది. గట్లనే ఉండనియ్ సారూ!"